సద్దు లేని బడి

“బడంటే సద్దుండాల పెద్దమ్మా! వీధి కొస దాకా ఇనపడాల. నీ తిన్న మీద చూస్తే పీనుగు లేచిన ఇల్లు మాదిరి ఉండాది.”

“నోరు అదుపులో పెట్టుకో మునుసామీ. పిలకాయలు చదవతా ఉండారు.”

“చదవతా ఉంటే నాకేల ఇనపడదు? మా మిల్లులో అంత సద్దు చేస్తేనే నూలొస్తాది. ఈడ నువ్వు సద్దు లేకుండా ఏం వడుకుతా ఉండావు?”

“నీ బిడ్డకు బుద్ధి వడుకుతా ఉండా. నీకూ రోంత మిగిలిస్తాలే.”

జర్మనీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ముదలియార్‌పేటలో మా ఇంటి అరుగు మీద జరిగిన తగాదా ఇది. అరుగును మా వీధిలో తిన్న అంటారు. ఆ తిన్న మీదే పద్నాలుగు మంది పిల్లలకు నేను తెలుగు చదువు చెప్పేదాన్ని. నేను చదివింది మా తాత దగ్గర రెండేళ్ళే. అయినా మా వీధిలో తెలుగు అక్షరం తెలిసినది నేనొక్కదాన్నే. ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ అంగడి రాతంతా అరవం, ఊరేలే ఫ్రెంచి దొరతనం వారి బడిలో ఫ్రెంచి.

తిన్నబడికి ఒక పద్ధతి ఉండేది. బాగా చెప్పే పిల్లను ముందు నిలబెట్టి చట్టాంపిళ్ళ అనేవాళ్ళం. ఆ పిల్ల ఒక వరుస చెబితే మిగిలినవాళ్ళంతా గొంతు కలిపి అదే చెప్పాలి. ఆ కేక ఎంత దూరం వినబడితే బడికి అంత పేరు. మా బడిలో చట్టాంపిళ్ళ మునుసామి కూతురు కుప్పమ్మ. ఎనిమిదేళ్ళది, కంచు గొంతు. మునుసామి మిల్లు నుంచి వస్తూ వీధి మలుపులో నిలబడి కూతురి గొంతు విని మరీ ఇంటికి పోయేవాడు.

ఒకనాడు పాఠం మధ్యలో ఈదురుగాలి వచ్చి కుప్పమ్మ చేతిలోని పుస్తకంలో నాలుగు పుటలు తిరిగిపోయాయి. పిల్ల ఆగలేదు. కళ్ళు కొత్త పుట మీద ఉన్నాయి, నోరు పాత పుటే చెబుతోంది. పాఠం అయ్యాక పిలిచి, ఒక వరుస నడుమ వేలు పెట్టి “ఇదేంది?” అన్నాను. కుప్పమ్మ మొదటినుంచి ఎత్తుకుంది. “మొదలొద్దు, ఇదొక్కటే చెప్పు” అన్నాను. నా మొహం చూసింది. చెప్పలేకపోయింది.

మిగిలినవాళ్ళనూ అట్లాగే అడిగాను. పద్నాలుగు మందిలో చదవగలిగినవాళ్ళు ముగ్గురు. పదకొండేళ్ళుగా బడి నడుపుతున్నాను.

మరునాటినుంచి కేకలు మాన్పించాను. పాత పంచాంగాలు, పెళ్ళి పత్రికలు, పొట్లాల కాగితాలు కత్తిరించి, వెనక వైపు చీటీకి ఒక వరుస చొప్పున రాశాను. ‘గంపలో కోడి రెండు గుడ్లు పెట్టింది’, ‘మా అత్త ఉప్పు మరిచిపోయింది’, ఇట్లాంటివి. ముందెన్నడూ విని ఉండకూడదు, అంతే. చీటీలన్నీ ఒక బుట్టలో వేశాను. పిల్ల రాగానే చేతులు కడుక్కుని చీటీ తీసుకోవాలి. తన చోట కూర్చుని సద్దు లేకుండా చదువుకోవాలి. అందులో ఉన్నది పలక మీద బొమ్మ వేసి, కింద ఆ మాటలు రాయాలి. రాకపోతే మళ్ళీ చూడాలి, తర్వాత పక్కపిల్లను అడగాలి, అప్పటికీ రాకపోతేనే నన్ను. తిన్న నీడ రెండో స్తంభం దాటేదాకా నేను చిన్నవాళ్ళను ముగ్గురేసి కూర్చోబెట్టుకుని ఇసుకలో దిద్దిస్తాను.

మొదటి వారం అదొక సంత. చీటీల కోసం జుట్లు పట్టుకున్నారు. ఒకడు చీటీ నమిలేశాడు. నిముషానికొకసారి “అవ్వా, ఇదేంది?” కష్టం నాకూ ఉంది. పిల్ల తడుముకుంటుంటే చెప్పేయాలని నోరు దురద పెట్టేది. పళ్ళు బిగించి ఇసుకలోకి చూసేదాన్ని. కుప్పమ్మ అయితే చీటీ తొడ కింద దాచి ఏడ్చేది. చట్టాంపిళ్ళగా ఉన్న పిల్ల మరి. నెల తిరిగేసరికి ఏడుపు ఆగింది, బొమ్మలు పడ్డాయి. అప్పుడు వచ్చాడు మునుసామి, మొదట చెప్పిన ఆ తగాదాకు.

“ఏదీ, చదవమను చూస్తా” అన్నాడు. కుప్పమ్మ చీటీ తీసి వేలు పెట్టుకుని, “గం... ప... గంపలో... కో... కోడి...” అంది.

మునుసామి నుదురు కొట్టుకున్నాడు. “అయ్యో, గడగడా చెప్పే బిడ్డను నత్తిదాన్ని చేసినావు కదా పెద్దమ్మా!”

“అప్పుడు చదవలేదురా, ఒప్పజెప్పింది. ఇప్పుడు చదవతా ఉండాది. నోరు తెరవకుంటే ఇంకా బాగా చదవతాది.”

“నోరు తెరవకుండా చదివితే నాకెట్ట తెలస్తాది? రేపు పొద్దున మిల్లుకు పోతా వస్తా. ఇది చదువే అని నాకు తెలిసిందా, సరి. లేకుంటే నాతోనే మిల్లుకు తోలుకుపోతా. దారం చుట్టే కాడ పిల్లలు కావాలని అడగతా ఉండారు.”

కుప్పమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. తప్పు మునుసామిది అనుకోవడానికి మనసు ఒప్పలేదు. సద్దే చదువని వీధికి నేర్పిన బడుల్లో నాదీ ఒకటి. పిల్ల తనంతట తాను ఒక వరుస చదివేదాకా ఆమెకు నేను ఏమి నేర్పానో నాకే తెలియదన్న సంగతి నాకు పదకొండేళ్ళకు గానీ తట్టలేదు.

మరునాడు పొద్దున మునుసామి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. మిల్లులో నెల్లూరు వైపునుంచి వచ్చిన మేస్త్రీ ఒకడున్నాడట, అతని చేత రాయించిన కాగితం మడిచి తెచ్చాడు. నన్ను చూడనివ్వకుండా కూతురికిచ్చాడు. కుప్పమ్మ విప్పి చూసింది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి, సద్దు రాలేదు. ఒకసారి తండ్రి మొహం చూసి, మళ్ళీ కాగితం చూసుకుంది. లేచి వెళ్ళి రెండు చేతులతో తండ్రి తలగుడ్డ తీసి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

కాగితం తీసుకుని చూశాను. ‘నాయన తలగుడ్డ తీసి అవ్వకియ్యి’ అని ఉంది.

మిల్లు కూత వేసింది. మునుసామి ఉత్త తలతో మెట్టు మీద నుంచి లేచి, “గుడ్డ ఇయ్యి పెద్దమ్మా, పొద్దెక్కింది” అన్నాడు. ఇచ్చాను. చుట్టుకుంటూ ఒక్కడే వెళ్ళిపోయాడు.