మసక సూర్యుడి కాలపు అలలు: పాలీ కొండల్లో ఒక పూట

సివిల్స్ ఇంటర్వ్యూ ఇక పది రోజులుందనగా మా తమ్ముడు నరేశ్ మాట్లాడడం మానేశాడు. జబ్బేమీ కాదు, సిగ్గు. వాడు కరోల్‌బాగ్ దగ్గర అద్దె గదిలో ఉండి చదువుతున్నాడు, వాడి సబ్జెక్టు భూగర్భశాస్త్రం, ఇది వాడికి ఆఖరి అవకాశం. కోచింగ్ వాళ్లు పెట్టిన నమూనా ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అడిగాడట: పుట్టిన కొత్తలో సూర్యుడి వెలుగు ఇప్పటికన్నా మూడో వంతు దాకా తక్కువ కదా, మరి భూమి మీద నీళ్లు గడ్డకట్టుకుపోలేదెందుకు? మావాడు గడగడా పాయింట్లు అప్పజెప్పాడు. సివిల్స్ రాసేవాళ్లకు ఒక అలవాటుంటుంది. ఏ జవాబుకైనా ముందు ఉపోద్ఘాతం, తర్వాత పాయింట్లు, చివర్లో ‘వే ఫార్వర్డ్’ అని ప్రభుత్వం ఏం చేయాలో రాయాలి. ఆ ఊపులో వీడు వందల కోట్ల ఏళ్ల కిందటి భూమికి కూడా మంత్రిత్వ శాఖల సమన్వయం కావాలని ముగించాడు. అందరూ విరగబడి నవ్వారట. పెద్దాయన మాత్రం నవ్వకుండా, “నీకు తెలియనిదంటూ ఏమీ లేదా బాబూ?” అన్నాడట. ఆ మాట వీడికి ముల్లులా గుచ్చుకుంది. నోరు తెరిస్తే పాయింట్లే వస్తున్నాయని అసలు నోరే తెరవడం లేదు.

నేను ఇందిరాపురంలో ఉంటాను, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సైన్సు నాకు పదో తరగతితోనే సరి. వాడిని గదిలోంచి బయటికి లాగాలి, అంతే నా ఆలోచన. ఆరావళి కొండల్లో పాత రాళ్ల మీద నీటి అలల గుర్తులు ఉంటాయని వాడే ఎప్పుడో చెప్పాడు. “చూపించు, పోదాం” అన్నాను. జనవరి ఆదివారం, పొగమంచు కాస్త పలచబడ్డాక ఎనిమిదింటికి వైశాలిలో మెట్రో ఎక్కాను. వాడు అటువైపు నుంచి వచ్చి మండీ హౌస్‌లో కలిశాడు. అక్కడ వయొలెట్ లైన్‌కి మారి ఫరీదాబాద్ వైపు బడ్‌ఖల్ మోడ్‌లో దిగాలి. దారంతా వాడు కిటికీలోంచే చూస్తున్నాడు. నేనేమో ఆగకుండా మాట్లాడుతున్నాను. మా ఇద్దరికీ కలిపి సరిపడా మాటలు నా దగ్గరున్నాయి లెండి.

స్టేషన్ బయట ఆటో అతను పాలీ ఊరు దాటి వెళ్లడానికి మూడు వందలన్నాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి, “మేడమ్, ఉధర్ తో కుఛ్ నహీ హై. సిర్ఫ్ పత్థర్ హై” అన్నాడు.

“పత్థర్ హీ దేఖ్‌నా హై, భయ్యా” అన్నాను.

రాళ్లు చూడడానికి డబ్బులిచ్చి పోయేవాళ్లు కూడా ఉంటారా అన్నట్టు అద్దంలో మమ్మల్ని కాసేపు పరికించాడు. తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటోలు దొరకవు కాబట్టి అతన్నే ఆగమన్నాం. “ఠీక్ హై” అని రోడ్డు పక్క ధాబా ముందు బండి ఆపి పడుకున్నాడు. ఆ ధాబాలో ఆలూ పరాఠా, అల్లం టీ బాగున్నాయి. వడ్డించే ఆంటీ మావాడి పళ్లెం చూసి, “భయ్యా తో కుఛ్ ఖాతే హీ నహీ”, ఏమీ తినడమే లేదని, అడగకుండానే వెన్న ముద్ద వేసింది. వాడు సగం తిన్నాడు.

ధాబా వెనక నుంచి కాలిబాట ఉంది. తుమ్మ ముళ్లు చూసుకుంటూ పావుగంట ఎక్కితే బూడిద, గులాబీ రంగు బండలు వస్తాయి. నరేశ్ అక్కడక్కడా వంగి చూస్తూ పోయి, ఏటవాలుగా ఉన్న ఒక బండ దగ్గర ఆగిపోయాడు. దాని మీద వరసగా సన్నటి మడతలు. వాగు ఒడ్డున ఇసుక మీద నీళ్లు ఇంకిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. చేత్తో నిమిరితే వేళ్లకు తెలుస్తోంది.

“ఇక్కడ నీళ్లు ఉండెనారా?” అన్నాను.

“ఉండె. లోతు లేని నీళ్లు. ఇసుక రాయైంది, అలలు గట్లనే ఉండిపోయినయ్” అన్నాడు. వారం తర్వాత నేను విన్న మొదటి పూర్తి వాక్యం అది. “గా పెద్దమనిషి అడిగిన కాలం ఇంకా పాతదక్కా. ఇది నూరు కోట్ల ఏండ్లు దాటి ఉంటది. అయినా అప్పటికి గూడ సూర్యుడు ఇప్పటంత లేడు. లోపల హైడ్రోజన్ మండుకుంట మండుకుంట మెల్లగ వేడి పెరుగుతనే వస్తున్నడు.”

“మరి గడ్డకట్టలేదెందుకు?”

వాడు గొంతు సవరించుకున్నాడు. “దీనికి కారణాలు బహుముఖమైనవి. మొదటిది...”

“ఆపురా. నేను నీ అక్కను, ఇంటర్వ్యూ బోర్డును కాను.”

కోపం వచ్చిందనుకున్నాను. కానీ బండ మీద కూలబడి చెప్పాడు. “సలికాలం నాయిన గొంగడి కప్పుకుంటడు కద. పొయ్యి చిన్నదైనా గొంగడి మందంగుంటే వెచ్చగనే ఉంటది. అప్పటి గాలి గసొంటి గొంగడి. అగ్నిపర్వతాలు కార్బన్ డయాక్సైడ్ వదిలినయ్. ఆక్సిజన్ లేదు గాబట్టి సూక్ష్మజీవులు వదిలిన మీథేన్ చాన ఏండ్లు నిలిచింది. నేల తక్కువ, నల్లటి సముద్రం ఎక్కువ, ఎండను మింగింది. చలి పెరిగితే రాళ్లు కార్బన్‌ను పీల్చుకునుడు తగ్గి గొంగడి మల్ల మందమైతది.”

“వీటిల్ల ఏది ఎక్కువ పనిచేసింది?” నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

వాడు ఆ మడతలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

“తెల్వదక్కా” అన్నాడు. “ఎవ్వలకు పూర్తిగ తెల్వదు. గొంగడి ఉన్నదని తెలుసు, ఏ పోగు ఎంతుందో ఇంకా లెక్క తేలలే.” అని నవ్వేశాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఏది తెలుసు, ఏది అనుమానం, ఏ రాయిని ఎలా పరీక్షిస్తే ఏం తేలుతుంది, అన్నీ చెప్పాడు. మా వాడు ఇంత బాగా మాట్లాడతాడని నాకు తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చలిగాలి మీదికి తోసేశాను. ఆటో అతను హారన్ కొట్టేదాకా మేం దిగలేదు.

ఇంటర్వ్యూ అయిపోయింది. రెండు ప్రశ్నలకు తెలియదని చెప్పాడట, అందులో ఒకదానికి “మరి ఎలా తెలుసుకుంటావు?” అని వాళ్లు అడిగారట, దాని మీదే చాలాసేపు మాట్లాడించారట. ఫలితం ఇంకా రాలేదు. సిద్దిపేట నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి, “పిలగానికి వస్తదా?” అంటుంది. ఇన్నేళ్లూ “తప్పకుండ వస్తదమ్మా” అని ధైర్యం చెప్పేదాన్ని, ఆమె నమ్మేది కాదు. మొన్న “తెల్వదమ్మా, మంచిగ మాట్లాడిండు” అన్నాను. “గంతే చాలు బిడ్డా” అని ఫోన్ పెట్టేసింది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: పాత గనుల గుంతల వైపు పోకండి, ఒంటరిగానూ వెళ్లకండి, పదింటికల్లా కొండ మీద ఉండేలా చూసుకోండి. ఎండ నడినెత్తికి వస్తే ఆ అలలు మామూలు బండలా కలిసిపోతాయి. పొద్దుటి నీరెండ పక్క నుంచి పడుతున్నప్పుడే ఒక్కో మడతా విడిగా కనిపిస్తుంది.