జయరాజుకు దొరకని పాపం

మా గుండ్లపోచంపల్లి గోదాములో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే జయరాజంత చప్పటి మనిషిని నేను మేడ్చల్ నుంచి నిజామాబాద్ దాకా ఎక్కడా చూడలేదు. చూశామని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి, మాట్లాడతాను. నలభై ఆరేళ్లొచ్చాయి. తాగడు, నమలడు, పేకముక్క పట్టడు. పొద్దున పప్పు, మధ్యాహ్నం అదే పప్పు. తిడితే విననట్టు ఉంటాడు, పొగిడితే నిజంగానే వినపడదు. ఆయన పక్కన గంటసేపు కూర్చుంటే గోదాములో ఎలుకలు కూడా నిద్రపోతాయి. ఒకసారి ఏడు ఎలుకలు అలా వరసగా పడిపోవడం నా కళ్లతో చూశాను. ఎనిమిదోది ఆవలిస్తూ పారిపోయింది.

తాత కాలం నుంచీ వాళ్లది చర్చి కుటుంబమే. జయరాజు పాకే వయసు నుంచి చర్చిలో అదే చాప మీద కూర్చుంటున్నాడు. కానీ బాప్తిస్మం తీసుకోలేదు. వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. నీళ్లలో మునగబోయేవాడు ముందు అందరి ఎదుటా నిలబడి సాక్ష్యం చెప్పాలి: నేను ఇలాంటివాణ్ని, ప్రభువు నన్ను ఇలా తిప్పాడు, అని. అలా మునిగినవాళ్లకే ప్రభువు బల్లలో, అంటే నెలకోసారి పంచే రొట్టెలో, చెయ్యి. అందుకే ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం వాళ్లమ్మ ఎలీషమ్మ చేతి నుంచి జయరాజు మోకాళ్ల మీదుగా అవతలి మనిషికి వెళ్లిపోయేది. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. ఎలీషమ్మకు డెబ్బై ఎనిమిది. చూపు సగం పోయింది.

"నా కొడుకు పక్కన కూసోని ఒక్కసారి గా రొట్టె తింట. ఇగ నాకేం వద్దు" అనేది ముసలామె.

జయరాజు కష్టమేమిటంటే, చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆ సంఘంలో సాక్ష్యాలు మామూలువి కావు. ఒకాయన పదేళ్లు సారా తాగి రైలు పట్టాల మీద పడుకుంటే రైలే ఆగి, హారన్ కొట్టి లేపిందట. అది వింటే నాకే కొంచెం అసూయ పుట్టింది. ఇక ఈ పప్పు డబ్బా ఏం చెప్తాడు?

ఒకరోజు లారీ చాటుకు నన్ను పిలిచి గొణిగాడు.

"తమ్మీ, నాకు పాపం లేదు. గిదే పరేషాన్."

కడుపు పట్టుకుని నవ్వాను. "అన్నా, పాపం జెయ్యనీకె గూడ తెలివుండాలె. నీతోని గాదు. నేను రాసిస్త, నువ్వు సదువు."

చదువు తొమ్మిదిలోనే నన్ను భరించలేక వదిలేసింది గానీ, కథలో నన్ను కొట్టేవాడు ఈ హైవే మీద లేడు. నాలుగు పేజీలు దంచాను. సారా, పేకాట, శామీర్‌పేట చెరువు కట్ట మీద కత్తిపోటు, మూడు రోజులు చెట్ల మధ్య దాక్కోవడం, ఆఖరికి ఆకాశం నుంచి గొంతు. జయరాజు చదివి కాగితం జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం నా రాత ఎలా పండుతుందో విందామని నేనూ వెళ్లాను. సారా దగ్గర జనం "స్తోత్రం" అన్నారు. పేకాట దగ్గర ఇంకా గట్టిగా అన్నారు. కత్తి దగ్గరికి వచ్చేసరికి ఎలీషమ్మ కర్ర నేలకేసి కొట్టి లేచింది.

"ఆపురా! అయ్యగారూ, వీడు ఎన్మిది కొట్టంగనె పండుకుంటడు. ఉల్లిగడ్డ కొయ్యమంటె ఏలు కోసుకుంటడు. వీడు మనిషిని పొడిశిండా?"

చర్చి అంతా ఘొల్లుమంది. నవ్వనిది పాస్టరు గిడియోన్ ఒక్కడే.

"జయరాజూ, గా కాయిదం మడిచి పెట్టు. అండ్ల రాయనిది ఏమన్న ఉన్నదా?"

జయరాజు కాగితం మడిచాడు. "నరసింహ..." అని, చాప మీద కూలబడ్డాడు.

నాకు వెంటనే అర్థమైంది. రెండేళ్ల కింద ఆయన వెనక్కి చూడకుండా బండి తిప్పి, ఒక పూర్తి టైల్స్ దొంతర పడగొట్టాడు. పెట్టెలన్నీ పిండి పిండి. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చేసరికి పక్కన నిలబడి ఉన్నది హమాలీ నరసింహ. "సరిగ పేర్చలేదు గదరా నువ్వు?" అని అతని మీద పడి, జయరాజు వైపు చూశాడు. జయరాజు టోపీ సర్దుకున్నాడు. అంతే. ఔననలేదు, కాదనలేదు. సాయంత్రానికల్లా నరసింహ గేటు బయట ఉన్నాడు. హత్య చెయ్యడానికి కనీసం చెయ్యి ఎత్తాలి. ఈయనకు టోపీ సర్దుకుంటే సరిపోయింది. తాగలేదు, కొట్టలేదు కాబట్టి అది పాపమని ఇంతకాలం లెక్కలోకే తీసుకోలేదు. నేనూ అక్కడే ఉన్నాను, అంతా చూశాను. నా సంగతి వేరు, నేను ఎవరినీ బాప్తిస్మం అడగలేదు.

"నీళ్లు యాడికి పోవు. ముందుగాల ఆయన తానకు పోయిరా" అన్నాడు పాస్టరు.

పోవడానికి పదకొండు రోజులు పట్టింది. నేను వెంట లేకపోతే దారిలో ఏదో కరెంటు స్తంభానికి అతుక్కుపోయేవాడే. మేడ్చల్ బస్సు డిపో ఎదురుగా నరసింహ మక్క కంకులు కాలుస్తున్నాడు. జయరాజు చెప్పిందంతా విసనకర్ర ఆపకుండానే విన్నాడు.

"రెండేండ్లకు యాదికొచ్చిన్నా?"

"తప్పయింది, నరసింహా. మాఫ్ చెయ్యి."

"నీ దేవుడు జేస్తడేమో. నేను జెయ్య. నాతోనేంది జెప్పుడు? నన్ను ఎల్లగొట్టినోనికి జెప్పు. గంత మంది ముందల నాకు బద్నామ్ అయింది, గంత మంది ముందలనే జెప్పు."

"చెప్తె నా బండి పోతది."

"పోనీ. నాది పోలే?"

మర్నాడు పొద్దున ఇరవై మంది హమాలీల ముందు జయరాజు చెప్పేశాడు. గొంతు ఎలుక గొంతులా ఉంది గానీ అందరికీ వినపడింది. సూపర్‌వైజరు బండి తాళం లాక్కుని, ఆయన్ను మూటలు మోసే పనిలోకి నెట్టాడు. నరసింహకు మళ్లీ పనిలోకి రమ్మని కబురు పంపితే, "నా కంకులే మంచిగున్నయ్" అని తిరిగి రాలేదు.

చర్చి వెనక బాప్తిస్మం ఇచ్చే సిమెంటు తొట్టి పక్కన జయరాజు ఈసారి కాగితం లేకుండా నిలబడ్డాడు.

"టైల్స్ పడగొట్టింది నేను. తప్పు నరసింహ మీద పడితె నోరు మూసుకున్న. మొన్న మీ ముందల అబద్ధం సదివిన. నేను మంచోణ్ననే అనుకున్న ఇన్నొద్దులు. గాదు. యేసయ్య నన్ను మాఫ్ జేసిండని నమ్ముతున్న. నరసింహ ఇంక జెయ్యలే."

ఇది సాక్ష్యమా? రైలు లేదు, గొంతు లేదు, కత్తి అసలే లేదు. స్తోత్రం చెప్పాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నీళ్లలోంచి లేచేటప్పుడైనా తీరుగా లేచాడా అంటే, బురదలో దిగిన బర్రెలా తుమ్ముతూ, దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ లేచాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం, ఈ చేతగానివాడు ఇంకేం చేస్తాడో చూద్దామని మళ్లీ వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను. ఎలీషమ్మ పళ్లెం కొడుకు చేతిలో పెట్టింది. మూటలు మోసి మోసి ఆయన చేతులు పట్టు తప్పాయి, పళ్లెం వణికింది.

"సక్కగ పట్టుకో" అని కసిరింది ముసలామె, కళ్లు తుడుచుకుంటూ.

ఇద్దరూ తిన్నారు. ఆయన పళ్లెం నా వైపు తిప్పాడు, ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు, ఆపైన దాన్ని నా మోకాళ్ల మీదుగా అవతలి మనిషికి అందించాడు.