ఆరో వాడకు అర పాయింటు

మాంగ్ టిబోకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ సంగతి ఎత్తినా దానికో పందెం రేటు కట్టి, ఆ రేటు చివర ఒక అర తగిలించనిదే ఆయనకు ముద్ద దిగదు.

చర్చిలో క్రిసాంతో అనే ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టగానే టిబో వెనక బెంచీలోంచి "ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలు" అని గొణిగేవాడు. ఫాదర్ ముగించేసరికి ముప్పై ఎనిమిదో, ముప్పై తొమ్మిదో అయ్యేది. అంతకు మించి ఇటూ అటూ పోవడం ఎవరూ చూడలేదు. ఈ సంగతి చివరికి ఫాదర్ చెవిన కూడా పడింది. ఒక ఆదివారం ఆయనే ప్రసంగం మధ్యలో ఆగి, "ఇవాళెంత, టిబో?" అని అడిగారు.

"నలభై ఒకటిన్నర, ఫాదర్. మీరిప్పుడు ఆగి నన్ను అడిగారు కాబట్టి నలభై రెండున్నర."

ఇదంతా ఓడల్లో అంటించుకొచ్చిన జబ్బు. ఇరవై ఏడేళ్ళు సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగాడు. ఆయన లెక్కలో ఇరవై ఏడున్నర. ఓడ రేవులో ఆగితే తోటివాళ్ళు సారాకొట్టు వెతుక్కునేవారు, ఈయన బాస్కెట్‌బాల్ మీద పందేలు కట్టే కొట్టు వెతుక్కునేవాడు. పందెం కాయడానికి కాదు. లోపలివాడు రేటు ఎలా కడుతున్నాడో నిలబడి చూడటానికి. భార్యకు ఏ రేవు నుంచీ ఒక్క చీటీ రాసిన పాపాన పోలేదు గాని, పద్నాలుగు దేశాల రేట్లు మాత్రం కంఠస్థం చేసుకొచ్చాడు.

ఊరికొచ్చాక బాస్కెట్‌బాల్ కోర్టు పక్కనున్న తన బాతుల దొడ్డి గోడకు నల్లరంగు పూసి బోర్డు పెట్టాడు. ఊరి పెద్ద కాపిటాన్ ఉలిసెస్ పరుగున వచ్చాడు.

"డబ్బు పందెం కడితే కోర్టుకు తాళం వేస్తా, చెప్తున్నా!"

"గుడ్లయితేనో?"

"గుడ్లా... గుడ్లు డబ్బు కాదుగా," అని నోరు జారాడు కాపిటాన్.

అంతే. అప్పటి నుంచి శాన్ టెలెస్ఫోరో ఊళ్ళో ఆదివారం బాస్కెట్‌బాల్ ఆటల మీద పందేలన్నీ ఉప్పులో ఊరబెట్టి, ఉడికించి, ఎర్రరంగు పూసిన బాతు గుడ్లతోనే. టిబో పెట్టే గుడ్లు ఆయన భార్య సిదాంగ్ పెంచే నలభై బాతులవి. ఆమె ఏమనుకుందో ఆమెను ఎవరూ అడగలేదు, అయినా ఆమె చెప్తూనే ఉండేది.

"అమెరికావాడున్నాడే, ఎవరు గెలుస్తారని అడగడు," అని బోర్డు ముందు చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాడు టిబో. "ఎంత తేడాతో అని అడుగుతాడు. చేతకాని జట్టుకు ముందే ఇన్ని పాయింట్లని ధారపోసి, ఇద్దర్నీ సమానం చేసి, అప్పుడు రమ్మంటాడు. పదకొండు పెడితే పది గెలుపు."

"ఆ పదకొండోది ఏమైనట్టు?"

"అది బోర్డు రాసినవాడి కూడు. లండన్‌వాడు ఏడుకి రెండు, పదకొండుకి నాలుగు అంటాడు. వాళ్ళ బడిలో భిన్నాలు తప్ప ఇంకేం చెప్పరు కాబోలు. అవతలి యూరప్ వాళ్ళు నీ గుడ్డు కూడా కలిపేసి ఒకటీ పాయింటు తొంభై అంటారు. హాంకాంగ్‌వాడు నీ గుడ్డు నీదే కదా అని దాన్ని తీసేసి, వట్టి పాయింటు తొంభై అంటాడు. రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఇన్ని తిప్పలెందుకన్నా?" అన్నాడు ఎల్మెర్. అతను ఆరో వాడ జట్టు నాయకుడు, పొట్టివాడు, గొంతు మాత్రం పొడుగు.

"తిప్పలు పెట్టకపోతే వాణ్ణి ఎవరు లక్ష్యపెడతారు? గ్రీసు రేవులో ఇంకొకడు, బావమరిది ఆడుతున్నాడంటే ఆ జట్టుకి రేటు మార్చేసేవాడు. బావమరిది ఆట అంత గొప్పది మరి! అందరికన్నా కష్టం మనూళ్ళోనే. ఇక్కడ ఒక్కడూ లెక్క చూసి కాయడు. మా వాడ, మా పిల్లలు అంటూ గుండె చూసుకుని కాస్తాడు."

"అవున్లే. బాస్కెట్‌బాల్‌లో అర పాయింటు లేదుగా, ఆ అర ఎందుకు రాస్తావ్?"

"లేదు కాబట్టే. అర లేకపోతే సమానమై ఎవరి గుడ్లు వాళ్ళు ఇంటికి మోసుకుపోతారు. అరుంటే ఎవరో ఒకరు నవ్వుతూ పోతారు."

"గుడ్డులో అర ఇస్తావా మరి?"

"పందెంలో గెలిచిన గుడ్డు సగం చేసే మనిషి ఇంకా పుట్టలేదురా," అనేవాడు టిబో.

ఈ పాఠాలు లుమెన్‌కు ఒళ్ళుమంట. ఎండుచేపలు అమ్ముకునే లుమెన్ ఆరో వాడ జట్టుకు శిక్షకురాలు. ఆరో వాడంటే జాలర్లు. తెల్లారకముందే వలకెళ్ళి, పొద్దెక్కాక చేపలు దింపి, మధ్యాహ్నం కోర్టుకొచ్చేసరికి సగం మంది నిలబడే కునికేవారు. ఆ ఏడాది మొదటి రెండు ఆటల్లోనూ ముప్పై పాయింట్లు వెనకబడగానే మధ్యలోనే బూట్లు విప్పి చేతబట్టుకుని ఇంటికి పోయారు. కట్టుబాటు ఏమిటంటే, మూడుసార్లు మధ్యలో లేచిపోయిన వాడకు మరి కోర్టులో చోటు లేదు. ఆ జట్టు లుమెన్ తండ్రి పెట్టింది. ఆయన కుట్టించిన నీలం చొక్కాలు ఆమె పెట్టెలో ఇంకా ఉన్నాయి. తన చేతుల మీదుగా జట్టు పోతుందేమోనని ఆమెకు అన్నం సహించడం లేదు.

టిబో చేపలకొచ్చినప్పుడు ఆ దిగులంతా ఆయన ముందే కక్కేసింది.

"తిట్టాను, బతిమాలాను, కొవ్వొత్తులు వెలిగించాను. ఇంకొక్కసారి లేచిపోతే అయిపోయినట్టే మాంగ్ టిబో."

ఆయన ఎండుచేప వాసన చూసి, "లేచిపోతారు. యూరప్ లెక్కలో ఒకటీ పాయింటు పది, అంటే దాదాపు ఖాయం," అన్నాడు.

"మనిషివేనా నువ్వు?"

"చేపలెంత?"

"నీకైతే ఏడున్నర! అర చేపను నువ్వే కోసుకో!" అని తూకం గిన్నె విసిరినంత పని చేసింది లుమెన్.

ఆ వచ్చిన ఆదివారం బోర్డు మీద కొత్త అంకె కనిపించింది. సంతవీధి జట్టుతో ఆటలో ఆరో వాడకు ముప్పై ఒకటిన్నర పాయింట్ల దానం. అంటే ముప్పై ఒకటికి మించని తేడాతో ఓడినా, ఆరో వాడ మీద కాసినవాళ్ళకే గుడ్లు. జాలరివాడ మొత్తం విరగబడింది. వలలు బాగుచేసే ముసలి తాసియా ఆరు గుడ్లు కాసింది.

సగం ఆటకు ఇరవై నాలుగు వెనకబడ్డారు. ఎల్మెర్ బూటు తాడు విప్పబోయాడు.

"ఒరేయ్! ఎక్కడికిరా?" తాసియా గొంతు చర్చి గంట దాకా వినబడింది. "ఆరు గుడ్లు పెట్టానురా నీ మీద! ఆ బూటు విప్పావంటే నీ కాళ్ళు విరగ్గొడతా!"

"అవ్వా, ఓడిపోతున్నాం..."

"ఓడిపో! ఎవరొద్దన్నారు? ముప్పైతో ఓడిపో!"

ముప్పైతోనే ఓడారు. ఆఖరి క్షణం దాకా ఒక్కొక్క పాయింటుకీ మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడి ఓడారు. జాలరివాడ నవ్వుతూ గుడ్లు వలుచుకుంటూ ఇంటికెళ్ళింది. గెలిచిన సంతవీధివాళ్ళకు ఎందుకు చప్పట్లు కొట్టాలో అర్థం కాలేదు.

తర్వాతి వారం ఇరవై ఏడున్నర. ఇరవై ఆరుతో ఓడారు. ఆ తర్వాత ఇరవైన్నర, పద్దెనిమిదితో ఓటమి. ఇక చూసుకోండి, జాలర్లు వల సర్దుకుని వచ్చి గంట ముందే కోర్టులో కసరత్తు మొదలుపెట్టారు, తాసియా బంతి విసరడంలో సలహాలు కూడా చెప్పసాగింది. పద్నాలుగున్నరకు పన్నెండు. ఏడున్నరకు ఆరు. టిబో ప్రతిసారీ గుడ్లు ఇచ్చుకుంటూనే ఉన్నాడు.

ఊరంతా ఆయన్ను ఆటపట్టించింది. "ఏడు సముద్రాలు తిరిగి నేర్చుకున్న లెక్క ఇదేనా మాంగ్ టిబో?"

"వయసు మీద పడిందిరా. చూపు ఆనడం లేదు," అనేవాడు.

ఆఖరి ఆట మళ్ళీ సంతవీధితోనే. బోర్డు మీద ఆరో వాడకు రాసిన దానం చూసి లుమెన్ కళ్ళు నులుముకుంది. అర. వట్టి అర పాయింటు.

"ఇదేం దానం? దీంతో ఏం చేసుకుంటాం? గెలిస్తే తప్ప పనికిరాదు కదా!" అంది.

"గెలవండి," అన్నాడు టిబో.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆఖరి బంతి ఇనుప వలయం మీద రెండు చుట్లు తిరిగి బయటికే దొర్లింది. ఎల్మెర్ బంతిని నేలకేసి కొట్టి, "వచ్చే ఏడు చూడండ్రా మీ సంగతి! వచ్చే ఏడు!" అని కేకలు పెట్టాడు. తాసియా అయితే ఓడిన గుడ్ల మాటే ఎత్తలేదు, రిఫరీ ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టింది. ముప్పైతో ఓడి పండగ చేసుకున్నవాళ్ళు ఒక్క పాయింటుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, లుమెన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవ్వరూ మధ్యలో లేచిపోలేదని, జట్టు నిలిచిందని, ఆమెకు కాస్త ఆలస్యంగా తట్టింది.

మర్నాడు పొద్దున్నే తన వంతు ఓడిన పన్నెండు గుడ్లు బుట్టలో పెట్టుకుని టిబో ఇంటికెళ్ళింది. సిదాంగ్ బాతులకు తవుడు కలుపుతోంది.

"రా వదినా రా. ఇన్నాళ్ళకు నా గుడ్లు ఇంటి ముఖం చూశాయి," అంది సిదాంగ్. "ఈయనకు మతి పోయింది. మొదటి శనివారం అన్నం తింటూ 'రేపు ఆరో వాడ ముప్పైతో ఓడుతుందే' అన్నాడు. తెల్లారి గోడ మీద ముప్పై ఒకటిన్నర రాశాడు! ఇరవై ఆరంటాడు, ఇరవై ఏడున్నర రాస్తాడు. ప్రతివారం ఇదే తంతు. చెయ్యి వణుకుతోందేమో డాక్టరుకు చూపించుకోమన్నాను."

లుమెన్ బుట్ట కింద పెట్టింది. టిబో చూరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మరి మొన్న శనివారం ఏమన్నాడు?"

"ఒకటితో ఓడతారన్నాడు."

"అయితే ఒకటిన్నర రాయొచ్చుగా మాంగ్ టిబో! మా వాళ్ళు మళ్ళీ గుడ్లు తినేవారుగా!"

"తినేవారు," అన్నాడాయన తాపీగా. "కడుపు నిండిపోయేది. వచ్చే ఏడు ఎవరొస్తారు?"

లుమెన్ బుట్ట పక్కనే చతికిలబడింది. గుడ్ల వైపు చూస్తూ, "హాంకాంగ్‌లో ఇలాంటి రేట్లు కడితే ఏమయ్యేది?" అంది.

"పస్తు పడుకోబెట్టేవారు. అమెరికాలో అయితే తన్నేవారు."

"మరి ఇక్కడ?"

ఆయన ఏదో అంకె చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు. బుట్టలోంచి ఒక ఎర్ర గుడ్డు తీసి, పెంకు వలిచి, ఎండుచేపలు కట్టే దారంతో సరిగ్గా మధ్యకు కోసింది. ఒక ముక్క ఆయన చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో వేసుకుంది.

"ఇదిగో, నీ అర."

మాంగ్ టిబో ఆ ముక్కను ఎటూ తోచక అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పూట ఆయన నోట ఏ రేటూ రాలేదు. సిదాంగ్ మాత్రం తవుడు చేత్తోనే బుట్ట దగ్గరికి లాక్కుని మిగతా గుడ్లు, మొగుడి చేతిలోని ముక్కతో సహా, లెక్కపెట్టుకుంది.

"పదకొండున్నరే ఉన్నాయేమిటి?" అంది.