వరసలో చెప్పులు

మరిపెడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. ముందు సీట్లో ఎవరి ఫోన్లోనో ఒక ఎమ్మెల్యే మాట్లాడుతున్నాడు. "రోడ్లేసినం, గోదాములు కట్టినం. యూరియాకు కొరత లేదు. రైతులే జర ఓపిక పట్టాలె."

"ఓపికనా? పొద్దటి సంది నా చెప్పులు యూరియా లైన్ల నిలబడ్డయ్. వాటినడుగుమను!" అందామె. బస్సంతా నవ్వింది.

నడుమ తండాలో దిగి, బర్రెకు నీళ్లు పెట్టి, తిరుగు బస్సుకే మళ్లీ మరిపెడ పోవాలట. ఎరువుల లారీ ముందే వస్తే వరస పోతుంది. బస్సు ఆగినప్పుడల్లా లేచి నిలబడుతోంది.

"నువ్వు పెట్టలేదా బాపు, చెప్పులు?" అని నన్నడిగింది.

నా వరి కూడా పసుపుబారుతోంది. కానీ ఒకప్పుడు మా దొరల గడి ముందు జనం చెప్పులు చేతపట్టుకుని నడిచేవారని తాత చెప్పేవాడు. నేను గర్వంగానే వినేవాణ్ణి.

"మాకు అవసరం లేదు," అన్నాను. ఆమె నా తోలు చెప్పుల వైపు చూసింది.

మరునాడు వాటిని యూరియా వరసలో ఎవరివో రబ్బరు చెప్పుల వెనక పెట్టాను. మధ్యాహ్నం నీడకు నడుస్తుంటే అరికాళ్లు కాలాయి. మా గడి ముందు ఆ బాట ఎంత పొడుగుండేదో తాతను ఎన్నడూ అడగలేదు.