కట్టెలకని పోయి జింకల్ని చూసొచ్చిన మా అత్త

మా అత్త పోయింది. పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకుంటూ, "రవ్వంత ఆయాసంగా ఉండాది మే" అని గోడకు ఆనుకున్నది. అంతే. కబురు తెలిసి వచ్చిన ఊరివాళ్ళంతా దాదాపు ఒకే మాట అన్నారు. "పాపం, ఈ వయసులో గూడా కట్టెలకు పోతాండె." కోడల్ని కదా, ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ముసలామెను అడవికి తోలి నేను ఇంట్లో నీడపట్టున కూర్చున్నానని కదా దానర్థం! నిజం చెబుదామంటే అది చావు ఇల్లు. ఇప్పుడు నెల దాటింది కాబట్టి మీకు చెబుతున్నాను. మా అత్త ఇన్నేళ్ళలో ఆ అడవి నుంచి తెచ్చిన కట్టెలన్నీ కలిపినా ఒక పూట వంటకు చాలవు. ఆమె పోయింది జింకల్ని చూడటానికి.

అడవి అంటే మీరు పెద్ద చెట్లూ సెలయేళ్ళూ ఊహించుకోకండి. గుంతకల్లు దాటాక మా ఊరి నల్లరేగడి చేలు అయిపోయిన చోట ఫారెస్టువాళ్ళు పాతిన రాళ్ళుంటాయి. వాటికి అవతలంతా సర్కారు బీడు. అక్కడక్కడ తుమ్మలు, రేగి కంపలు, తంగేడు. మిగతాదంతా గడ్డి. మేము దాన్నే అడవి అంటాం. ఎండాకాలంలో అక్కడ కాకి కూడా కనపడదు. కార్తీకం దాటి చలి ముదిరేసరికి మాత్రం గడ్డి పండి రాగి రంగుకు తిరుగుతుంది. పొద్దున్నే దాని మీద మంచు పరుచుకుంటుంది. ఆ మంచులో జింకలు మందలు మందలుగా మేస్తుంటాయి. మా అత్త ఏడాది పొడుగునా బతికింది ఆ రెండు మూడు నెలల కోసమేనని నాకనిపిస్తుంది.

మా పెళ్ళయింది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది. కాపురానికి వచ్చి వారం కాలేదు, ఒకరోజు చీకటితోనే అత్త నన్ను లేపి చేతికి తాడు ఇచ్చి, తాను మచ్చుకత్తి తీసుకుంది. "పా మే, కట్టెలకు పోదాం." గోరింటాకు ఇంకా ఎర్రగా ఉన్న చేతులు చూసుకుని నాకు ఏడుపొచ్చింది. అత్తలంటే ఇలాగే ఉంటారని పుట్టింట్లో చెప్పే పంపారు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆమె వెనకాలే నడిచాను. రాళ్ళు దాటి కొంతదూరం పోయాక ఆమె మచ్చుకత్తిని ఒక కంప కిందికి తోసింది. గాజులు మోచేతి దాకా లాక్కుని, చప్పుడు కాకుండా గుడ్డ చుట్టింది. తర్వాత ఒక దిబ్బ మీద కూర్చుంది.

"కట్టెలో అత్తా?" అన్నాను.

"కట్టెలు యాడికీ పోవులే. కూచో. మాట్లాడొద్దు. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకో."

పొద్దు పొడిచింది. మొదట నాకు కొమ్ములే కనిపించాయి. మెలితిరిగిన కొమ్ములు, కింద జంతువు లేకుండా, మంచు మీద నడుస్తున్నాయి. మంచు పలచబడ్డాక నల్లటి వీపు, తెల్లటి కడుపు బయటపడ్డాయి. మగజింకను మావైపు ఇర్రి అంటారు. దాని వెనక గోధుమరంగు ఆడవి, పిల్లలు. ఎందుకు బెదిరిందో ఏమో ఒకటి గాల్లోకి ఎగిరింది. దాన్ని చూసి ఇంకొకటి. చూస్తుండగానే మంద మొత్తం, నేల కాలుతున్నట్టు, ఎగురుతూ ఎగురుతూ తుమ్మల అవతలికి పోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అత్త మోచేత్తో పొడిచింది. "నోరు మూసుకో, ఈగ పోతాది."

తిరిగొస్తూ అడిగాను, ఎందుకత్తా ఇదంతా అని. ఆమె ఆగి నా వైపు అదోలా చూసింది. "ఎందుకేందే? కండ్లుండేది కొర్రల్లో రాళ్ళేరేదానికేనా?"

ఆరోజు నుంచి ఆమె నాకు అత్త కాదు, అమ్మే అయిందని రాస్తే అబద్ధం అవుతుంది. అత్తే. పులుసులో ఉప్పు ఎక్కువైతే వారంరోజులు గుర్తుచేసేది. కానీ చలికాలం పొద్దుటిపూట మాత్రం మేమిద్దరం ఒక జట్టు.

కొన్నాళ్ళకే ఫారెస్టు గార్డు పట్టుకున్నాడు. కొత్తగా వచ్చినవాడు, పక్క ఊళ్ళో కాపురం. ఖాకీ చొక్కా మీద మఫ్లరు చుట్టుకుని కంప చాటు నుంచి లేచి వచ్చాడు.

"కట్టెలు యాడ దాచినారు?"

"కట్టెలు లేవప్పా. జింకల్ని చూసేదానికొచ్చినాం" అన్నది అత్త.

"మచ్చుకత్తి ఉండాది, తాడుండాది, కట్టెలు లేవా? నా చెవిలో పువ్వు పెడతాండావా?"

పాపం, చుట్టూ ఉన్న కంపలన్నీ కాలితో తన్ని వెతికాడు. పుల్ల కూడా దొరకలేదు. దొరక్కపోయేసరికి అతనికి మామీద అనుమానం ఇంకా పెరిగింది.

"ఊరికే చూసేదానికి ఎవురన్నా వస్తారామ్మా ఈడికి?"

"రాకూడదని మీ రూల్సులో ఉండాదా?"

"లేదు. రావచ్చని గూడా లేదు."

"మొన్న ఓట్లప్పుడు మైకులో ఏం చెప్పినారు? సర్కారంటే మనదేనని చెప్పినారు గదా. నా వంతు నేను చూసుకుంటాండా."

చివరికి అతను మచ్చుకత్తితో కనబడితే కేసు రాస్తానని చెప్పి పోయాడు. సరేనని మర్నాడు ఇద్దరం ఉత్త చేతులతో బయల్దేరాం. బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. "చేతులూపుకుంటా యాడికి పోతాండారు అత్తాకోడండ్లు?" సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది, అత్త కొత్తకోడల్ని పిల్లల కోసం అడవిలో ఎవరో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతోందని. నాకు పెళ్ళయి నెల కూడా కాలేదు! మచ్చుకత్తి ఉంటే గార్డుకు దొంగలం, లేకుంటే ఊరికి పిచ్చివాళ్ళం.

అత్త రెండురోజులు ఇంట్లో ఉండి, మూడోరోజు తాడూ మచ్చుకత్తీ తీసుకుని బయల్దేరింది. నేరుగా పోయి, ఫారెస్టు రాయి దగ్గర నిలబడ్డ గార్డు చేతిలో మచ్చుకత్తి పెట్టింది. "నీ కాడ పెట్టుకో. పొయ్యేటప్పుడు ఇయ్యి." అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చుకత్తి పట్టుకుని మా వెనకాలే వచ్చాడు, మేమేం చేస్తామో చూద్దామని. చేసేదేముంది? కూర్చున్నాం. అతనూ కూర్చున్నాడు. ఆ చలికాలం అయిపోయేసరికి, "ఈ పొద్దు తూర్పు పక్క ఉండాయమ్మా, ఆ పక్క పోదాం రా" అని అతనే ముందు నడిచేవాడు.

ఇక మా మామ. ఆయనకు జింకలంటే దొంగలు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో చేలో మంచె మీద, గొంగడి కప్పుకుని, ఒడిసెలతో రాళ్ళు విసురుతూ చలిలో కావలి కాసే మనిషికి జింకలు ముద్దొస్తాయా? ఆయన మాట సబబే. "రేయంతా నేను తరిమేది, పొద్దున్నే నువ్వు పోయి వాటిని బాగుండారా అని అడిగేది!" అని గొణిగేవాడు. అత్త నవ్వేది. కానీ ఆమె మనసులో ఒక కోరిక ఉండేది. నాతో ఎన్నోసార్లు చెప్పుకుంది. "ఇన్నేండ్లు కాపురం చేసినాం మే. చేను చూసినాం, ఎద్దుల్ని చూసినాం, పెండ్లి సంబంధాలు చూసినాం. ఆయప్ప నా పక్కన కూచోని ఊరికే ఒకటి చూసింది లేదు. ఒక్కసారి వస్తే చాలు." ప్రతి ఏడూ చలి మొదలయ్యాక ఒకరోజు అడిగేది. "వస్తావా?" "రాను."

ఒక్క ఏడు వచ్చాడు. ఏమనిపించిందో, తలగుడ్డ చుట్టుకుని మా వెనకాల కొంచెం ఎడంగా బయల్దేరాడు. ఊరు దాటుతుంటే ఎదురొచ్చినవాళ్ళెవరో, "యాడికి పెద్దాయనా, ఇంత పొద్దున్నే?" అని పలకరించారు. మగవాడు, పెద్దరికం ఉన్నవాడు, జింకల్ని చూడ్డానికి పోతున్నానని ఎలా చెబుతాడు? "ఎద్దు తప్పిపోయిందప్పా" అనేశాడు.

మా ఊళ్ళో ఎద్దు తప్పిపోవడమంటే చిన్న సంగతా? మేము దిబ్బ మీద సర్దుకుని కూర్చునే లోపల పదిమంది మగవాళ్ళు కర్రలు పట్టుకుని "హోయ్" అని అరుచుకుంటూ అడవిలో పడ్డారు. మేస్తున్న జింకలు ఎటుపోయాయో కూడా తెలియలేదు. పక్షులన్నీ లేచిపోయాయి. మామ తలగుడ్డ సర్దుకుంటూ వాళ్ళ మధ్యన, ఇంట్లో కొట్టంలో ఉన్న ఎద్దుకోసం తానూ వెతుకుతున్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి లేచింది. "ఎవురన్నా మన కొట్టంలోకి తొంగి చూస్తే ఆయప్ప పరువు పోతాది మే!" అడ్డదారిన ఇంటికి పరుగెత్తింది. ఎద్దు పలుపు విప్పి, వెనక దోవన చేలగట్టు దాకా తోలుకొచ్చి, "దొరికిందప్పో!" అని కేకపెట్టింది. ఆ ఎద్దును ఊరివాళ్ళు బుద్ధి చెబుతూ ఇంటికి తోలుకొచ్చారు. మామ రాత్రి ముద్ద తింటూ, "ఇంక నన్ను పిలవొద్దు" అన్నాడు. "పిలుస్తా" అన్నది అత్త.

పిలిచింది కూడా. ఏటా. ఆయనా రానంటూనే ఉన్నాడు. వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడు ఒకటి వచ్చింది. జొన్న మోకాలెత్తు లేవకముందే ఎండిపోయింది. జింకలు పట్టపగలే చేలోకి వచ్చి ఆ ఎండు దంట్లు నములుతున్నాయి. ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. మామ గట్టు మీద ఒడిసెల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, విసరలేదు. సద్ది తీసుకుని పోయిన అత్త అడిగింది, "చూస్తాండావా?" అని. "చూడ్లేదు. ఊరికే కూచోనుండా" అన్నాడు. "అది గూడా ఒక లెక్కేనా అత్తా?" అని నేనడిగితే, "యాడ లెక్క? నా పక్కన కాదు గదా" అన్నది. కానీ ఆ మాట అంటూ ఆమె మొహం వెలిగిపోయింది.

నేను ఆమెకు రుణపడి ఉన్నాను. జొన్నచేల మీద వాలి లేచే గులాబీరంగు గోరువంకల గుంపులు, ఎంతో ఎత్తున అరుచుకుంటూ దక్షిణానికి పోయే కొంగల బారులు, మంచులో తడిసిన తంగేడు పూలు, ఇవన్నీ నేను పుట్టినప్పటి నుంచీ నా చుట్టూ ఉన్నవే. చూడమని చెప్పింది మాత్రం మా అత్తే. మా ఇంట్లో కరువు ఏళ్ళు చాలా వచ్చాయి. కట్టుకునేదానికీ తినేదానికీ తక్కువైన రోజులున్నాయి. అప్పుడు కూడా పొద్దున్నే ఆ దిబ్బ మీద కూర్చుంటే నాకు బతుకు మీద కోపం ఉండేది కాదు.

ఈ చలికాలం ఆమె నడవలేకపోయింది. అయినా మామను అడగడం మానలేదు. "నేను పోలేను గానీ, నువ్వన్నా పోయిరా" అన్నది. ఆయన అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు గార్డు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సెలవు పెట్టి సొంతూరు పోయి ఉన్నాడు, అతనికి సంగతి తెలియదు. రొప్పుతూ, నవ్వుతూ, "అమ్మ యాడ?" అంటూ లోపలికి వచ్చి మా ఆయన గుండు చూసి ఆగిపోయాడు. టోపీ తీసి మెట్టు మీద చతికిలబడ్డాడు. అతను లేచి పోబోతుంటే అరుగు మీద నుంచి మామ అడిగాడు.

"ఎందుకొచ్చినావప్పా?"

"ఏం లేదయ్యా."

"చెప్పు."

"బట్టమేక దిగింది. మన అడివిలో ఎన్నడూ చూసింది లేదు. అమ్మకు చెప్పల్లని వచ్చినా."

"బట్టమేకంటే?"

"పిట్టయ్యా. నేలమీద నడుస్తాది. మేకపిల్లంత ఎత్తుంటాది."

"పిట్ట మేకంతుంటాదా?"

"నా కండ్లతో చూసినా. రెక్కలు తెరిస్తే ఇంతుండాది." గార్డు రెండు చేతులూ బార్లా చాచాడు.

మామ ఆ చేతి కొస నుంచి ఈ చేతి కొసదాకా నిదానంగా చూశాడు. పక్కనున్న తలగుడ్డ తీసి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టుకుంటూనే వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు.

"ఇదో, ఇంటాండావా? నేను గూడా వస్తా, పా!"

ఆయన ఎప్పుడూ అత్తను పిలిచే పిలుపు అది. వంటింట్లో పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నేను గడపలో నిలబడిపోయాను. గార్డు చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి.