కరెంటు లేని పూట రెండు మైకులు

కరెంటు పోతే సంబరపడే ఆడమనిషి చిలకలూరిపేట మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా వెనక వీధిలో జిన్నింగు మిల్లు ఉంది. పత్తి వచ్చే కాలమంతా అది గుర్రుమంటూనే ఉంటుంది. దానికి తోడు బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు. మేడ మీద గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి నేను నడిపే రికార్డింగు స్టూడియోకి ఇవన్నీ బద్ధ శత్రువులు. భక్తిపాటలు పాడేవాళ్ళు గొంతెత్తి పాడతారు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాను. మెల్లగా మోగే వాద్యమైతే మాత్రం కరెంటు పోవాలి. లైను మరమ్మతులు ఎప్పుడో కనుక్కోవడానికి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తుంటాను. "అందరూ ఎప్పుడొచ్చిద్దని అడుగుతారు, మీరేందమ్మా ఎప్పుడు పోయిద్దని అడుగుతారు" అంటాడు అక్కడి లైన్‌మన్.

మా ఆయన గిటారు వాయిస్తాడు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో ఆర్కెస్ట్రాతో తిరిగి తిరిగి జుట్టు నెరిసింది. అక్కడ గిటారులోంచి ఒక వైరు తీసి మిక్సర్‌లో గుచ్చుతారు. డ్రమ్ముల కింద, కీబోర్డు కింద, పాడేవాళ్ళ కింద ఆ గిటారు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంట్లో పొద్దున్నే కాఫీ తాగి ఆయన వాయించుకునేది నేను విన్నాను. పందిట్లో వినపడేది దాని ముందు ఎందుకూ పనికిరాదు. ఆయన వేళ్ళలో ఎంత నెమ్మది ఉందో ఈ ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదని నాకెప్పుడూ కడుపులో మంటగానే ఉండేది.

పోయిన మిరపకోతల కాలంలో హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. చిన్న సినిమాలకు సంగీతం కూరుస్తాడు. ఒక సినిమా మొదట్లో గిటారు ఒక్కటే మోగే ముక్క ఉంది, వాయించి పంపమన్నాడు. మా ఆయన అలవాటు కొద్దీ వైరు గుచ్చి, తనే రికార్డు చేసి పంపేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. మర్నాడే జవాబు వచ్చింది. వాయింపు బాగుంది గానీ శబ్దం ప్లాస్టిక్ లాగా ఉందని, ఆ ముక్క కీబోర్డులో ఉన్న గిటారు శబ్దంతో కానిచ్చేస్తానని ఆయన చెప్పాడు. మైకులు పెట్టి స్టీరియోలో తీసింది ఏదైనా ఉంటే రేపు సాయంత్రంలోగా పంపితే వింటానని, లేకపోతే వదిలేయమని అన్నాడు.

మా ఆయన గిటారును సంచిలో పెట్టి జిప్ లాగేశాడు. "మీటలు నొక్కితే వచ్చేదానికి నేనెందుకు? పందిళ్ళ కాడికి కూడా ఇప్పుడు కీబోర్డు ఒక్కటే పిలుస్తున్నారు. అమ్మేస్తా" అన్నాడు. ఆ మాట ఆయన కోపంతో అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. చాలా మామూలుగా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు అమ్ముకోండి, ఎల్లుండి అమ్ముకోండి. రేపు పొద్దున కరెంటు తీస్తున్నారంట. ఆ పూటకి నా ముందు కూర్చోండి" అన్నాను.

అంత ధీమాగా అన్నానంటే, నాకు మైకులు కొత్త కాదు కాబట్టే. మా నాన్నకు దర్శిలో మైకుసెట్టు ఉండేది. సభలకీ పెళ్ళిళ్ళకీ స్టాండ్లు మోసుకుంటూ, వైర్లు చుట్టుకుంటూ పెరిగాను. కాకపోతే మా నాన్న వ్యాపారంలో శబ్దం ఎంత దూరం పోతే అంత గొప్ప. ఒక చెక్కపెట్టె లోపల గాలి ఎలా కదులుతుందో పట్టుకోవడం వేరే విద్య. అది నేను ఈ మేడ మీదే, నా చెవుల్ని నేనే తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

పొద్దున కరెంటు పోయింది. మిల్లు ఆగింది. మోటార్లు ఆగాయి. దూరంగా హైవే మీద లారీల రొద తప్ప ఊరు చప్పబడింది. ల్యాప్‌టాప్‌లో చార్జింగు నిండుగా ఉంది, మైకుల్ని దానికి కలిపే సౌండ్ కార్డు దాంతోనే నడుస్తుంది.

ముందు మైకులు ఎంచుకోవాలి. పాడేవాళ్ళు చూడగానే నమస్కారం పెట్టే పెద్ద మైకు ఒకటి నా దగ్గర ఉంది. అది గొంతుకి బాగుంటుంది గానీ గదిలో ప్రతి చప్పుడూ పోగేస్తుంది. పైగా ఎడమ, కుడి విడివిడిగా వినపడే స్టీరియో కావాలంటే ఒకే రకం మైకులు రెండు ఉండాలి. అందుకని పెన్సిళ్ళలా సన్నగా ఉండే జత తీశాను. అవి తమ ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువ వింటాయి. తీగ మీద వేలు తగిలిన క్షణాన్ని కూడా వదలవు.

తర్వాత చోటు. మా ఆయన్ని వాయించమని, ఒక చెవిలో వేలు పెట్టుకుని, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, తలను గిటారు చుట్టూ తిప్పుతూ విన్నాను. గుండ్రటి రంధ్రం ఎదురుగా దబదబమంటుంది. మెడ చివరికి పోతే గీరుడు తప్ప నిండుదనం లేదు. మెడ వచ్చి పెట్టెకు కలిసే చోట ఆ రెండూ సర్దుకుంటాయి. సరిగ్గా అప్పుడే మా అత్తగారు మజ్జిగ చెంబు పట్టుకుని తలుపు తీసింది.

"ఏందమ్మాయ్, ఎన్నడూ లేంది మొగుడికి మొక్కుతున్నావు?"

"మొక్కుతుంది నాకు కాదులే అమ్మా, గిటారుకి" అన్నాడు ఆయన. ముందురోజు నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

మొదట మైకుల్ని ఎడంగా పెట్టాను. ఒకటి మెడ వైపు, ఒకటి ఆయన కుడిచెయ్యి వైపు. వాయించాడు. హెడ్‌ఫోన్లో వింటే గది రెండింతలు అయినట్టుంది. ఆయన కళ్ళు మూసుకుని తలాడించాడు. "ఇదే పంపించు" అన్నాడు. నేనూ పొంగిపోయాను. అయినా అనుమానంతో ఫోన్లోకి ఎక్కించి దాని స్పీకరులో పెట్టాను. గిటారు సగం మాయమైంది. తీగల చప్పుడు ఎక్కడో డబ్బా అడుగున మోగుతోంది. ఎడమ, కుడి రెండూ ఒకే స్పీకరులో కలిసేసరికి ఒకదాన్నొకటి మింగేశాయి. నేటి సినిమాలు జనం చూసేది ఆ ఫోన్లోనే.

ఆయన మొహం మళ్ళీ మాడిపోయింది. "చెప్పా కదే" అన్నాడు.

"మీరేం చెప్పలేదు. కూర్చోండి" అన్నాను.

నాకు సభల వేదికలు గుర్తుకొచ్చాయి. అక్కడ రెండు మైకులు పెట్టాల్సి వస్తే తలకు తల ఆనించి పురికొసతో కట్టేవాళ్ళం. ఎడంగా పెడితే మాట డొల్లగా వినపడేది. కారణం అప్పుడు ఎవరం ఆలోచించలేదు. శబ్దం ఒక మైకుకి ముందు, ఇంకోదానికి వెనక చేరడమే అక్కడి జబ్బూ, ఇక్కడి జబ్బూ. తలలు ఒకచోట ఉంటే శబ్దం రెండింటికీ ఒకేసారి చేరుతుంది. నేను చేయాల్సిందల్లా తలలు కలిపి, చూపులు మాత్రం చెరోవైపు తిప్పడం.

రెండు మైకుల తలల్నీ ఒకదాని మీద ఒకటి చేర్చి, మెడ పెట్టెకు కలిసే చోటికి మూర దూరంలో నిలబెట్టాను. ఒకటి మెడ వైపు చూస్తోంది, ఇంకోటి కుడిచెయ్యి వైపు.

"అంత దగ్గిర పెడితే ఇంక స్టీరియో ఏం వచ్చిద్దే?"

"వాయించండి, తెలిసిద్ది."

హెడ్‌ఫోన్లో ఇందాకటంత వెడల్పు లేదు. కానీ గిటారు నిజంగా నా ఎదురుగా, దాని ఒడ్డూ పొడుగూతో కూర్చుని ఉంది. ఎడమచెయ్యి జారడం ఇటు, కుడిచెయ్యి మీటడం అటు. ఫోన్లో పెట్టాను. ఏమీ తగ్గలేదు. పొద్దున కాఫీ తర్వాత నేను వినే గిటారు అది. నా సంతోషం చూసి ఆయన అడగడం మానేసి తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఫ్యాను లేదు, కిటికీలు మూసేశాం, చెమటకు తీగల మీద వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. పక్క మేడ మీద మిరపకాయలు ఎండబోశారు. ఆ ఘాటుకు ఒక టేకు మధ్యలో మా అత్తగారికి దగ్గు వచ్చింది. బయటికి పంపేశాను, మొహం ముడుచుకుని వెళ్ళింది. తర్వాతి టేకు చివరిదాకా వచ్చింది. ఇంకోటి తీసి పెట్టుకుందామనేసరికి మిల్లు గుర్రుమంది. ఉన్నది ఒక్కటే. దాన్నే పంపాను.

సాయంత్రం గడువు దాటింది. ఫోన్ రాలేదు. మా ఆయన గిటారు సంచి వైపు చూడకుండా టీవీ చూశాడు. నేను అన్నం వార్చడంలో చెయ్యి కాల్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఆయన ఎంగిలి చేత్తో ఎత్తలేక నన్ను స్పీకరులో పెట్టమన్నాడు.

"కీబోర్డు తీసేశానండీ" అన్నాడు హైదరాబాదు ఆయన. "మీ గిటారు ఒక్కటే ఉంచాను. దాని మీద ఇంకేమీ వేయబుద్ధి కాలేదు. సినిమాలో తర్వాత వచ్చే ముక్కలు కూడా మీరే వాయించాలి, ఆ స్టూడియోలోనే తీయించండి. ఎక్కడది? రికార్డు చేసిందెవరు? సినిమా చివర పేరు వేయాలి."

మా ఆయన ఫోన్ వైపు వంగాడు. ఎన్నో ఏళ్ళుగా ఎవరడిగినా ఆయన స్టూడియో ఉందని మాత్రమే చెప్పేవాడు. ఎవరిదో చెప్పేవాడు కాదు. ఆ పూట నా పేరు చెప్పాడు. పేరుకి ముందు ఇంటిపేరు కూడా చెప్పాడు. అది ఆయనది కాదు. దర్శిలో మా నాన్నది. రేషన్ కార్డులో, ఆధార్‌లో ఎక్కడా ఇప్పుడు ఆ ఇంటిపేరుతో నేను లేను. అంత గర్వం నాకు అంతకుముందు ఏనాడూ కలగలేదు.

ఫోన్ పెట్టేశాక మా అత్తగారు కొడుకు వైపు గుర్రుగా చూసింది. "అదేందిరా, మనింటి పేరు చెప్పకుండా వాళ్ళది చెప్పావు?"

"మనింట్లో మైకు పట్టుకోవడం ఎవరికి వచ్చమ్మా?" అన్నాడు ఆయన, పెరుగు కలుపుకుంటూ.