ఎడమ కాలికి పని లేని బండి

అది శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిదింబావు. ఆ పూట సంగతి ఎప్పటికైనా కాగితం మీద పెడతానని నేను అనుకోలేదు. మొన్న మేడ్చల్ చౌరస్తా దగ్గర కంకర లారీ ఒకటి ఎత్తు మీద ఆగి, కదలనని మొరాయించింది. డ్రైవరు క్లచ్ మీద కాలు సగం తీసి సగం నొక్కి ఇంజన్ను ఏడిపించాడు. అంతలోనే ఆ వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు మాడే వాసన ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. కాలిన రబ్బరూ, నిప్పుల్లో పడ్డ వెంట్రుకలూ కలిసినట్టు ఉంటుంది. పక్క ఆటోలోని ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండె నిండా పీల్చాను. రావల్కోల్ వెనక గుట్ట మీది జామతోట, తడి బండ మీద సగంలో ఆగిపోయిన కొత్త బండి, కింద చెయ్యెత్తి నిలబడ్డ సాయమ్మక్క, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి.

సాయమ్మక్కను మీరు చూడలేదు. చూసి ఉంటే మరిచిపోయేవారు కాదు. పొట్టి మనిషి, నడుముకు బిగించి కట్టిన చీర, మాట్లాడితే ఎదుటివాడి మొహం మీదే మాట్లాడేది. గుట్ట మీది జామతోట ఆమెది. నేను ఆమె దగ్గరికి కోత కూలికి వచ్చాను. తోట ఉన్నది పైన, ఊరు ఉన్నది కింద. మధ్యలో నున్నటి పరుపుబండ, పక్కా దారి లేదు. ఎరువు పైకి పోవాలన్నా, కాయ కిందికి రావాలన్నా ఆ బండ మీదుగానే. ముందు మా నెత్తుల మీదే మోసేవాళ్లం. తర్వాత మిలిటరీవాళ్ల వేలంలో ఆమె ఒక పాత జీపు కొన్నది. కొన్నది ఆమె, నేర్చుకున్నది ఆమె, నడిపింది ఆమె. ఆమె మగడు బతికున్నంత కాలం ఆ జీపు ఎక్కలేదు. బండ కింది నుంచి నడిచే వచ్చేవాడు. "మీ అక్క నడుపుతాంది, నేను దేవునికి మొక్కుతాన, ఇద్దరం పన్జేస్తనే ఉన్నం" అనేవాడు. మంచి మనిషి.

నాకు నలభై దాటాక, ఒకనాడు కాయ ఎత్తుతుంటే ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఎల్లమ్మా, జీపు నేర్సుకుంటవా?"

నేను నవ్వాను. "నాకు అచ్చరం ముక్క రాదక్కా."

"అచ్చరం రాకుంటే లైసెన్సు రాదు. లైసెన్సు లేకుంటే తాళం ఇయ్య. ముందుగాల ఏది నేర్సుకుంటవో నువ్వే జెప్పు."

జవాబు అందులోనే ఉంది కదా. ఆమె చదువు చెప్పిన పద్ధతి ఏ బడిలోనూ ఉండదు. సీజనులో మేము శామీర్‌పేట దగ్గర కరీంనగర్ రోడ్డు పక్కన కాయ అమ్మేవాళ్లం. ఎదురుగా బస్సులు ఆగేవి. బస్సు కదిలేలోగా దాని నొసటి మీద ఏమి రాసుందో నేను చదవాలి. చదివితే ఆ బేరం పైసలు తీసుకునే గౌరవం నాది; చదవకపోతే గంప సర్దే పని నాది. మొదటి నెలంతా గంపలే సర్దాను. నేను 'సి'కి గుడి దగ్గర ఉండగానే బస్సు పోయేది. "నువ్వు సదివేలోపు గది సిద్దిపేట పొయ్యి మల్లొస్తది" అని అక్క అందరి ముందే అనేది. కోతకు వచ్చే లచ్చవ్వ పడీపడీ నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆగీ ఆగని బస్సు మీద 'కరీంనగర్' అని ఒక్క ఊపిరిలో చదివాను. అక్క మెచ్చుకోలేదు. డబ్బుల సంచి నా ఒళ్లో పడేసి, వంగి గంపలు సర్దింది. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఆ తర్వాత బండి నేర్పింది. బండ ఎక్కించడం తొందరగానే వచ్చింది. దించడమే రాలేదు. మా వైపు ట్రాక్టర్లు నడిపేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. దిగుడు రాగానే నూట్రల్ చేసి వదిలేస్తారు, డీజిల్ మిగులుతుందని. నేనూ వాళ్లను చూసి అదే పని చేశాను. నిండు బరువుతో జీపు బండ మీద జారుకుంటూ పోతుంటే బ్రేకు మీద నిలబడ్డాను. కింద పొదలో ఆగింది. అక్క తిట్టలేదు. దిగి, కాయల గంప ఒకటి నా నెత్తికి ఎత్తింది.

"పైకి పో. గంపతోని దిగి రా."

వెళ్లి దిగి వచ్చాను.

"ఎట్ల దిగినవ్?"

"ఎట్లేంది? పిక్కలు బిగబట్టి, సిన్న సిన్న అడుగులేసుకుంట."

"ఉరికినవా?"

"ఉరికితే గంప ఏడుంటది, నేనేడుంట?"

"గదే ఫస్ట్ గేరు. బండికి గూడ పిక్కలుంటయి. నూట్రల్ జేస్తే గవి ఇరగ్గొట్టినట్టు. ఇంజనే బండిని పట్టుకోవాలె, నీ బ్రేకు గాదు."

అంతే. ఇన్నేళ్లలో నాకు గేరు గురించి అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేదు. మోత మోసిన ఆడదానికి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదని, ఒంట్లో ఉన్నదాన్నే బండిలోకి తేవాలని ఆమెకు తెలుసు. మేడ్చల్‌లో లైసెన్సు పరీక్షకు నన్ను ఆమే తీసుకుపోయింది. నేను పాసయ్యాను. ఆమె వీధి చివరి దాకా నడిచి వచ్చి మిర్చి బజ్జీలు కొనిపెట్టింది.

అయితే ఒకటి చెప్పాలి. లైసెన్సు వచ్చినా స్టీరింగు నాకు రాలేదు. ఆమెకు జ్వరం వచ్చిన రోజు, పెండ్లికి పోయిన రోజు నాకు తాళం దొరికేది. మిగతా రోజులన్నీ ఆమే. బండి నడపడమంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే ఆ బండ ఎక్కించి, పైన ఇంజను ఆపి, ఒక్క నిమిషం అట్లాగే కూర్చునేది. ఆ నిమిషంలో ఎవరూ పలకరించేవాళ్లం కాదు. నేను ఏళ్ల తరబడి కాయల ట్రేలే ఎత్తాను. అడగడానికి నోరు రాలేదు, ఆశ చావలేదు.

జీపు ముసలిదైంది, అక్క ఎడమ మోకాలు అరిగింది. క్లచ్ నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టరు ఇక బండి వద్దన్నాడు. ఆమె తమ్ముడి కొడుకు వెంకటేశు, కుత్బుల్లాపూర్‌లో లేతు మిషన్ల షాపు నడిపేవాడు, ఉపాయం చెప్పాడు. నాలుగు చక్రాలూ లాగే పికప్ బండ్లలో ఇప్పుడు ఆటోమేటిక్‌వి వచ్చాయి, క్లచ్చే ఉండదు, ఎడమ కాలికి పనే లేదు అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. నా మనసు కిందికి జారింది. ఆమె సంతోషం నాకు సంతోషమే, అబద్ధం చెప్పను. కానీ ఆ బండి వస్తే నాకు స్టీరింగు ఇక రాదని కూడా ఆ క్షణానే అర్థమైంది.

ఆ శుక్రవారం షోరూము నుంచి రెండు బండ్లు మా బండ కిందికే వచ్చాయి, ఒకటి గేర్లది, ఒకటి ఆటోమేటిక్. వాటితో వచ్చిన అబ్బాయి పేరు కిరణ్. కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాద తెలిసినవాడు. తెల్లవారుజామున వాన పడి బండ మీద పాచి మెరుస్తోంది. అక్క ముందు ఆటోమేటిక్ ఎక్కింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఆ బండి బ్రహ్మాండంగా ఎక్కింది. దిగేటప్పుడు ఏదో బటన్ నొక్కితే తనంతట తానే పిక్కలు బిగబట్టి దిగింది. అక్క కిందికి వచ్చేసరికి పదహారేళ్ల పిల్లలా ఉంది.

"మీ మోకాలికి ఇదే సరైనదండి అమ్మగారూ" అన్నాడు కిరణ్.

"ఇగ కాయితాల మీద దస్కత్ పెట్టుడే ఆలస్యం అత్తమ్మా" అన్నాడు వెంకటేశు.

అక్క స్టీరింగు మీద చేయి తీయకుండా కాసేపు కూర్చుంది. తర్వాత దిగి, రెండో బండి వైపు చూసింది. "ఎల్లమ్మా, గది ఎక్కు. నేను చెయ్యెత్తినకాడ ఆపు. మల్ల ఎక్కియ్యి."

ఎక్కాను. వెనక ఎరువు బస్తాలు ఉన్నాయి. సరిగ్గా బండ నడుమ, పాచి ఎక్కువున్న చోట ఆమె చెయ్యెత్తింది. ఆపాను. మళ్లీ కదిలిస్తే చక్రాలు తిరిగాయి, బండి కదలలేదు. హాఫ్ క్లచ్‌లో పట్టి ఉంచాను, వాసన లేచింది. కొత్త బండి, ఇంకా మా సొమ్ము కాని బండి.

"ఎల్లవ్వా, దిగు, నేను తీస్త" అని వెంకటేశు పైకి రాబోయాడు.

"ఎవ్వలు పోవద్దు" అన్నది అక్క. గొంతు పెంచలేదు. "గది దాని పని."

నేను హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ పూర్తిగా నొక్కి, ఊపిరి తీసుకున్నాను. నాలుగు చక్రాలకూ బలం పోయేటట్టు కింది గేరులో వేశాను. తర్వాత ఎడమ పాదాన్ని అంగుళం అంగుళంగా వదిలాను. ఒకచోట బండి ముక్కు కొంచెం లేచి, ఇంజను పట్టు దొరికిందని అరికాలికి తెలిసింది. అప్పుడు బ్రేకు వదిలాను. బండి గొణుక్కుంటూ పైకి పోయింది. పైన తిప్పుకుని, ఫస్ట్ గేరులో, పెడళ్లు తాకకుండా రెండు పాదాలూ బండి అడుగున పెట్టి కిందికి దిగాను. కింద నిలబడి చూస్తున్న లచ్చవ్వ చప్పట్లు కొట్టింది.

"గీ గేర్ల బండే కొంటున్న" అన్నది అక్క.

వెంకటేశు పరేషాన్ అయ్యాడు. "గిది నువ్వెట్ల నడుపుతవ్ అత్తమ్మా? డాక్టరు ఏం జెప్పిండు?"

"నడుపలేను. నడుపలేనిదే కొంట."

"ఎల్లవ్వ గా బండి గూడ నడుపుతది గదా. అండ్ల నేర్సుకునేటిదే లేదు."

"నడుపుతది. నేను నడుపనిస్తనా, గది అడుగు." ఆమె మోకాలు పట్టుకుని రాయి మీద కూర్చుంది. "నీ బండిల తప్పు లేదు బిడ్డా" అని కిరణ్‌తో అన్నది. "మస్తుగుంది. గందుకే వద్దంటున్న. గది కొంటే సచ్చేదాక నేను స్టీరింగు ఇడువ. గీ ఎల్లమ్మ ట్రేలు ఎత్తుకుంటనే ముసల్దయితది. ఇన్నేండ్లు జేసింది సాలు."

నేను కొంగుతో బండి అద్దం తుడుస్తూ నిలబడ్డాను. "అద్దం అరుగుతది, సాలు తియ్యి" అని అక్క తాళం నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత బతికున్నంత కాలం ఆమె ఎడమ పక్క సీట్లో కూర్చుంది. ముప్పై ఏళ్లు ఆ బండ ఎక్కించిన మనిషి, పక్కన కూర్చుని ఒక్కనాడు 'నిమ్మళం' అనలేదు, 'గేరు మార్చు' అనలేదు. బండి కుదుపుకు ఆమె కాళ్లు అక్కడ లేని బ్రేకును తొక్కలేదు. నేను తప్పు చేసినా కిటికీలోంచి బయటికి చూసేది. బండి కొనడం కంటే అదే పెద్ద పని అని నాకు ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే ఇప్పుడు ఆ సీట్లో నేను కూర్చుంటున్నాను. స్టీరింగు దగ్గర నా కోడలు ఉంటోంది. నోటి దాకా మాట వస్తుంది. మింగుతాను. ఆమె దగ్గర నేను నేర్చుకున్న వాటిలో ఇదే కష్టమైనది, రోజూ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది.

ఆ పూట బండ దగ్గర ఉన్నవాళ్ల పేర్లు రాస్తున్నాను. వెంకటేశు. షోరూము అబ్బాయి కిరణ్. లచ్చవ్వ. జామతోట యజమాని సాయమ్మక్క. డ్రైవరు ఎల్లమ్మ.